నీళ్ళ రోజు కడిగేసిన ప్లేట్లు

ల్యాబు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంటారు. గొప్ప కేసంటే నేను గొప్పగా కనిపించే కేసని వాళ్ళ ఉద్దేశం. అలాంటివి నా దగ్గర లేవు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను వదలకుండా పట్టుకున్న కేసు ఒకటే. అందులో నేను నాలుగుసార్లు తప్పుడు రిపోర్టు రాశాను. నాలుగోది సరిదిద్దుకోగలిగానంటే, అది నా తెలివి వల్ల కాదు, నీళ్ళ మోటారు కాలిపోవడం వల్ల. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అని అడగొద్దు, చదివితే మీకే తెలుస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటాక వరసగా వచ్చిన కరువు ఏళ్ళవి. కల్లూరులో ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను మైక్రోబయాలజిస్టుని. ఊళ్ళోని వర్తకులు కొందరు కలిసి పెట్టిన ఆసుపత్రి అది. పత్తి, వేరుశనగ, కిరాణా వ్యాపారాలు చేసేవాళ్ళే కమిటీ. మంచివాళ్ళే, పేదలకు వైద్యం అందాలని నిజంగానే తపన ఉన్నవాళ్ళు. కాకపోతే ల్యాబంటే వాళ్ళకు కొట్టు వెనక ఉండే గోదాము. అక్కడ ఏం జరుగుతుందో లోపలికొచ్చి చూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఇప్పుడు మీకు ప్లాస్టిక్ ప్లేట్లు వస్తున్నాయి, వాడి పారేస్తున్నారు. మావి గాజు ప్లేట్లు. రోగి చీమునో రక్తాన్నో ఆ ప్లేటులో గడ్డకట్టించిన ఆహారం మీద గీతలుగా పూసి, ఇంక్యుబేటర్‌లో వెచ్చగా పెడతాం. బ్యాక్టీరియా ఉంటే గీతల వెంట చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. చూడటం అయ్యాక ఆ ప్లేట్లను ఆటోక్లేవు అనే ఆవిరి పెట్టెలో ఉడికించి, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ వాడాలి. ఉడికించడానికి నీళ్ళు కావాలి, కడగడానికి ఇంకా ఎక్కువ కావాలి. ఆసుపత్రి బోరు ఎండిపోయి అప్పటికి రెండేళ్ళు. ట్యాంకరు నీళ్ళతో కడిగితే గాజు మీద తెల్లటి ఉప్పు పొర. మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు, పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఆపరేషన్ థియేటరు, వార్డులు, వంటగది అందరూ కుళాయి మీద పడేవాళ్ళు. మా వంతు అందరికంటే ఆఖరిది.

దాంతో మా ల్యాబులో ఒక ఆచారం పుట్టుకొచ్చింది. నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే ఇంక్యుబేటర్‌లో ఉన్న ప్లేట్లన్నీ బయటికి తీయడం, ఒకసారి చూడటం, రిపోర్టు రాసేయడం, ఆటోక్లేవులో వేసేయడం. మొన్న పెట్టిన ప్లేటైనా అంతే, నిన్న మధ్యాహ్నం పెట్టిన ప్లేటైనా అంతే. రిపోర్టు మీద కొట్టడానికి ఒక రబ్బరు స్టాంపు ఉండేది. "నలభై ఎనిమిది గంటల తర్వాత బ్యాక్టీరియా పెరుగుదల లేదు" అని. ప్లేటు పెట్టి ఇరవై గంటలే అయినా సరే, ఆ స్టాంపే కొట్టేవాళ్ళం. ఇంకో స్టాంపు లేదు మరి.

ఈ పద్ధతి ఫలానావాళ్ళు పెట్టారని చెప్పడానికి లేదు. నేను చేరేసరికే ఉంది. మొదటి నెల నాకు చిరాకేసింది. రెండో నెల అలవాటైంది. మూడో నెల నుంచి "అన్నా, రేపు నీళ్ళ రోజు, ప్లేట్లు తీసేయాలి" అని నేనే గుర్తుచేయడం మొదలుపెట్టాను. ఆ అన్న అంటే మా టెక్నీషియన్. నాకంటే పదేళ్ళు పెద్ద, ఓర్వకల్లు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పనిలో రాక్షసుడు. ఆ రెండు గంటల్లో ఒక్కడే నూరు ప్లేట్లు కడిగేవాడు. ఒక్క ప్లేటు పగిలినా ఆ రోజంతా అన్నం సయించేది కాదు ఆయనకు.

ఇక కేసు సంగతి. కోసిగి అవతల ఒక పల్లె నుంచి వచ్చిన మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో. ట్రాక్టరుకు రాళ్ళెత్తుతుంటే బండ జారి ఎడమ మోకాలి కింది ఎముక విరిగింది. ఊళ్ళో కట్టు కట్టి నెలల తరబడి జెంటామైసిన్ అనే ఇంజెక్షన్ పొడిచారు. ఎముక అతుక్కుంది కానీ పక్కన ఒక చిన్న రంధ్రం పడి అందులోంచి చీము కారుతూనే ఉంది. మా ఆసుపత్రికి వచ్చాక మా ఎముకల సర్జన్ గారు కూడా అదే జెంటామైసిన్ ఇచ్చారు. ఒకసారి ఆపరేషన్ చేసి, ఆ మందు పట్టించిన పూసలు ఎముకలోనే పెట్టారు. చీము ఆగడం, మళ్ళీ కారడం. ఇలా రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో మూడుసార్లు చీము నా ల్యాబుకు వచ్చింది. మూడుసార్లూ స్టాంపు కొట్టి, కింద సంతకం పెట్టి పంపాను. ఆ మనిషిని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

నాలుగోసారి చీము గొట్టం పట్టుకుని అతని భార్యే ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ రోజు బుధవారం. వార్డు బాయ్ రాలేదట. గొట్టాన్ని కొంగులో చుట్టుకుని తెచ్చింది.

"ఈ తూరన్నా దొరుకుతాదామ్మా?" అంది.

"ఏం దొరకాలి?"

"పురుగు. పురుగు లేదంటే ఎముకే కుళ్ళిపోతాండాదంట, సోమారం కాలు తీసేస్తామంటాండాడు డాక్టరప్ప. పురుగు దొరికితే తీయడంట. దొరకల్లని మొక్కుకుంటాండా."

రోగం లేకుండా చూడమని మొక్కుకునేవాళ్ళను ఆ కిటికీలోంచి బోలెడంతమందిని చూశాను. ఉండాలని మొక్కుకునే మనిషిని చూడటం అదే మొదలు. "కాలు పోయినా ప్రాణానికేం కాదులేమ్మా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో చూడండి.

"పానం ఉండి ఏం చేసుకోవల్ల?" అంది. ఆమె గొంతు పెంచలేదు. "సుగ్గికి పోతే గదా మాకు కూడు. మిరపకాయలు కోసేకి గుంటూరు తట్టు లారీలెక్కి పోతాము. ఒంటికాలోన్ని మేస్త్రి లారీ ఎక్కించుకుంటాడా? ఇద్దరు పిల్లోల్లు ఉండారు."

చీము తీసుకున్నాను, ప్లేటు మీద గీశాను, పెట్టాను. మర్నాడు గురువారం, నీళ్ళ రోజు. పొద్దున్నే ప్లేటు తీసి వెలుతురుకు పెట్టి చూశాను. ఏమీ లేదు. ఒక్క క్షణం ఆమె గొంతు గుర్తొచ్చింది. ఆ తర్వాత చేయి దానంతటదే స్టాంపు మీదికి పోయింది. రిపోర్టు సర్జన్ గారికి వెళ్ళిపోయింది. నాలుగోది.

మామూలుగా అయితే ఆ ప్లేటు పది గంటలకల్లా ఉడికిపోయేది. ఆ రోజు తొమ్మిదికి కుళాయిలోంచి గాలి మాత్రం వచ్చింది. ఎక్కడో పంపింగ్ మోటారు కాలిందట. శుక్రవారం ఎటూ నీళ్ళ రోజు కాదు. ల్యాబులో కంపు. వాడిన ప్లేట్లు పెట్టడానికి చోటు లేక మా టెక్నీషియన్ వాటిని మళ్ళీ ఇంక్యుబేటర్‌లోకే తోసేశాడు. కమిటీ సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే "చూస్తాం, చూస్తాం" అన్నారు. ఆయన చూసేలోపు నేను ముసలిదాన్నైపోతానని తిట్టుకున్నాను.

శనివారం పొద్దునా కుళాయి రాలేదు, కొత్త శాంపిళ్ళకు ఖాళీ ప్లేటు ఒక్కటీ లేదు. పాతవి తీసి మూల పేర్చుదామని నేనూ టెక్నీషియనూ కూర్చున్నాం. కోసిగి మనిషి ప్లేటు చేతికొచ్చింది. నంబరు చూసి, ఎందుకో కిటికీ వైపు తిప్పాను. గీతల మీద ఏదో నూగు. గసగసాలకంటే సన్నవి, రంగు లేనివి.

"దుమ్ము మేడం" అన్నాడు టెక్నీషియన్. "ఈ గాలికి ప్లేట్లేంది, అన్నంలో కూడా దుమ్మే పడుతాండాది."

నేనూ దుమ్మే అనుకున్నాను. పక్కన పెట్టేశాను కూడా. మళ్ళీ తీశాను. దుమ్మైతే ప్లేటంతా పడాలి కదా? ఇది నేను గీసిన గీతల వెంటే ఉంది. గీత మలుపు తిరిగిన చోట తనూ మలుపు తిరిగింది. భూతద్దం కింద పెట్టి చూశాను. దుమ్ము కాదు. బ్యాక్టీరియా, కానీ ఎంత ముడుచుకుని ఉందంటే, పుట్టినందుకు క్షమించమన్నట్టు ఉంది. సూది మొనతో తీసి గాజు పలక మీద రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. గుండ్రటివి, గుత్తులు గుత్తులుగా. స్టాఫిలోకాకస్ జాతిదని అర్థమైంది.

ఎముకలు కుళ్ళబెట్టేది ఆ జాతిలో ఒక రకం. దాన్ని పట్టుకునే పద్ధతి తేలికే. మనిషి రక్తంలోంచి తీసిన ప్లాస్మాలో దీన్ని కలిపి ఉంచితే, ఆ రకమైతే ప్లాస్మా గడ్డకడుతుంది. మామూలుగా నాలుగు గంటలు చాలు. కలిపి పెట్టాను, సాయంత్రానికి గొట్టం వంచి చూస్తే నీళ్ళలా కారింది. మా టెక్నీషియన్ అలవాటు కొద్దీ గొట్టాన్ని పారబోయడానికి చేయి చాచాడు. ఆ చేయి చూసేసరికి నాకెక్కడలేని కోపం వచ్చింది.

"ఏదీ పారబోయొద్దన్నా! ఈ ల్యాబులో పారబోయడం తప్ప ఇంకేమైనా చేస్తామా మనం?"

పాపం ఆయన బిత్తరపోయాడు. ఆయన మీద అరిచానే కానీ ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు. గొట్టాన్ని మళ్ళీ వెచ్చగా పెట్టి, రేపు ఆదివారమైనా వచ్చి చూడమని ఆయన్ని బతిమాలాను.

తర్వాత సర్జన్ గారి గదికి వెళ్ళాను. ఆయన చేయి మంచిది, నోరు మంచిది కాదు. చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మొన్న గురువారమే కదండీ, ఏమీ లేదని రాశారు?"

"రాశాను."

"అంతకుముందు మూడుసార్లు కూడా రాశారు. ఇవాళ దుమ్ము లాంటిదేదో కనబడితే ఆపరేషన్ ఆపమంటారు. ఆ కాలులో విషం పైకి పాకితే మీరు సమాధానం చెప్తారా?"

"ఒక్క రెండు మూడు రోజులు..."

"సోమవారం ఎనిమిదింటికి నా చేతిలో కాగితం ఉండాలి. అది ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుంది, ఇన్నాళ్ళూ ఎందుకు కనబడలేదు, మూడూ రాసి సంతకం పెట్టి ఇవ్వండి. లేకపోతే నా పని నేను చేస్తాను."

మూడో ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. నీళ్ళ రోజు. కానీ మూడు రోజులకు కూడా అంత చిన్నగా ఎందుకు పెరిగింది? ఎముకలు కుళ్ళబెట్టే స్టాఫిలోకాకస్ అంటే ఒక్క రోజులో పెసరగింజంత పెరిగి బంగారు రంగులో మెరిసే రకం. ఇదేమిటి, ఇలా నక్కి ఉంది?

కడపలో నాకు తెలిసిన ఒక లెక్చరర్ ఉన్నాడు. కాలేజీలో నాకు జూనియర్. కణాల లోపల దూరి బతికే బ్యాక్టీరియాలో ఊపిరికి సంబంధించిన జన్యువుల మీద పరిశోధన చేసినవాడు. అతనితో మాట్లాడటం కష్టం, ఒక్కసారి మొదలుపెడితే ఆపడు. కానీ ఆ సమయంలో నాకు వేరే దిక్కు లేదు. ఆదివారం తెల్లవారే మొదటి బస్సెక్కాను. ప్లేటు మీది బ్యాక్టీరియాను గీరి వేసిన గొట్టానికి బిరడా బిగించి, మైనం కార్చి, దూదిలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. ఇప్పటి నిబంధనలు తెలిసినవాళ్ళు ఇది చదివి నా మీద కేసు పెట్టినా పెడతారు, పెట్టండి. నంద్యాల దాటాక కండక్టరు నా ఒళ్ళో డబ్బా చూసి, "ఏమ్మా, అంత బద్రంగా పట్టుకున్యావు, ఓలిగలా?" అన్నాడు. అవును, బొబ్బట్లేనన్నాను. ఒకటి పెట్టమంటాడేమోనని కడప దాకా కిటికీలోంచే చూశాను.

లెక్చరర్ ఇంటి నుంచి నేరుగా అతని ల్యాబుకు వెళ్ళాం. ప్లేటు సంగతి విని, గొట్టం చేతికి తీసుకోగానే అతని ముఖం విప్పారింది. నాకు చిర్రెత్తింది. అక్కడ ఒక మనిషి కాలు పోబోతుంటే ఇతనికి సంబరం.

"అక్కా, ఇది ఊపిరి తెగిపోయిన రకమక్కా! పుస్తకాల్లో చదివినా గాని చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు."

"తెలుగులో చెప్పు తమ్ముడూ. నేను రేపు పొద్దున సర్జన్‌కు చెప్పాలి."

"చెప్తా ఉండా విను. బ్యాక్టీరియా కూడా మన మాదిరే ఊపిరి తీసుకుంటాది. లోపల ఒక గొలుసు ఉంటాది, తిన్నదాన్ని కాల్చి శక్తి తీసే గొలుసు. ఆ గొలుసులో ఒక్కో కొక్కీకి ఒక్కో జన్యువు. ఏదో ఒక జన్యువు చెడితే గొలుసు తెగిపోతాది. అప్పుడది సరిగా కాల్చుకోలేదు, పులియబెట్టుకొని అరాకొరా బతుకుతాది. అందుకే నీ ప్లేటు మీద అంత సన్నగా, అంత నిదానంగా పెరిగింది."

"అంత నీరసంగా ఉండేది ఎముకను రెండేళ్ళు ఎలా తినింది?"

"ఆడే ఉండాది మతలబు. దండిగా పెరిగేదైతే విషం కక్కి, దూరిన కణాన్ని చంపి బయటపడతాది. బయటపడితే దొరికిపోతాది. ఇది విషం కక్కదు, కణాన్ని చంపదు. లోపలే పండుకోని ఉంటాది. ఇంగోటి చెప్పు, ఏం మందు ఇచ్చినారు ఆయప్పకు?"

"జెంటామైసిన్."

అతను నుదురు కొట్టుకున్నాడు. "అక్కా, ఆ మందు బ్యాక్టీరియా లోపలికి పోవల్లంటే దాని ఊపిరే గుంజుకోవల్ల. ఊపిరి ఆడేటప్పుడు పుట్టే కరెంటుతోనే మందు లోపలికి పోతాది. ఊపిరే లేనిదానికి మందు యాడ ఎక్కుతాది? రెండేండ్లు మీరు మంచిగా ఊపిరాడే వాటిని చంపి, వీటికి చోటు చేసి ఇచ్చినారు."

అతను అక్కడితో ఆగలేదు. క్షయ క్రిమికీ, టైఫాయిడ్ క్రిమికీ కణం లోపల గాలి తక్కువైనప్పుడు పనికొచ్చే ఊపిరి గొలుసులు వేరే ఉంటాయనీ, ఆ జన్యువులు చెడగొడితే అవి కణంలో నిలవలేక నీరసించిపోతాయనీ, తను ఆరేళ్ళుగా టైఫాయిడ్ జాతి క్రిమితో అదే తంటాలు పడుతున్నాననీ చెప్పుకుపోయాడు. "నాది ఊపిరి తీస్తే చస్తాండాది, నీది ఊపిరి తీస్తే బతుకుతాండాది. ఊపిరి ఒకటే, ఒక్కో క్రిమికి ఒక్కో న్యాయం" అని తనే విసుక్కున్నాడు.

"నిరూపించగలవా?"

"నెత్తురులో ఉండే హీమ్ అనే పదార్థంలో తడిపిన కాగితం ముక్క పెడతా. తెగిన కొక్కీ అదే అయితే కాగితం చుట్టూతా ఏపుగా పెరుగుతాది. విటమిన్ కే ముక్క కూడా ఒకటి పెడతా. అయితే రెండు దినాలు పడుతాది."

"రేపు పొద్దున ఎనిమిదింటికి కాలు తీసేస్తారు!"

"నేను అరిచినా అది తొందరగా పెరగదు గదక్కా" అన్నాడు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా మండింది.

అప్పుడే ఆ ల్యాబు ఫోను మోగింది, ఆ నంబరు నేనే ఇచ్చి వచ్చాను. మా టెక్నీషియన్. ఆదివారం, సెలవు రోజు, ఓర్వకల్లు నుంచి బస్సులో వచ్చి గొట్టం చూశాడు. "మేడం, గడ్డ కట్టిండాది! బోర్లించినా జారడం ల్యా. నిన్న పారబోసింటే ఏమయ్యేది మేడం?" అన్నాడు. అంటే ఎముకలు తినే రకమే. నిదానంగా కట్టింది, అంతే.

తిరుగు బస్సులో ఉత్తరం రాశాను. మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు ఉంది. రెండోదానికి, జెంటామైసిన్ పనికిరాదు, కణం లోపలికి వెళ్ళే మందు కావాలన్న లెక్చరర్ మాట ఉంది, ఋజువు లేదు. మూడోది రాయడానికి మూడు కాగితాలు చింపాను. "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టి కొట్టేశాను. "నీటి ఎద్దడి వల్ల" అని రాసి అదీ కొట్టేశాను. నీటి ఎద్దడి నా చేత సంతకం పెట్టించలేదు కదా. చివరికి ఇలా రాశాను: ఈ రోగి విషయంలో నేనిచ్చిన నాలుగు రిపోర్టులూ చెల్లవు. నలభై ఎనిమిది గంటలని ముద్ర ఉన్నా ప్లేట్లను అంతసేపు ఉంచి చూశామని చెప్పలేను. నాలుగోదాన్ని ఇరవై నాలుగు గంటలు కూడా నిండకుండానే చూసి రాశాను.

సోమవారం ఏడున్నరకే సర్జన్ గారి గదికి వెళ్ళాను. ఖర్మకొద్దీ సెక్రటరీ గారు కూడా అక్కడే ఉన్నారు. నీళ్ళొచ్చాయని చెప్పడానికి వచ్చారట. నా చేతిలోంచి కాగితం ఆయనే ముందు తీసుకుని చదివి, గొంతు తగ్గించి, "ఇదంతా రాతలో ఏంటికమ్మా? నోటితో చెప్తే పోలేదా? ఆసుపత్రి పరువు గదా" అన్నారు.

"నోటితో చెప్తే ఆపరేషన్ ఆగదన్నారు సార్" అని కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని సర్జన్ గారికి ఇచ్చాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

సర్జన్ గారు రెండుసార్లు చదివారు. జెంటామైసిన్ గురించి రాసిన చోట ఎక్కువసేపు ఆగారు. నా మీద అరుస్తారని సిద్ధపడ్డాను. అరవలేదు. "ఇలాంటివి ఇంకెన్ని పంపారు నాకు?" అని అడిగారు. రెండేళ్ళలో ఎముకల చీము ఎంతమందిది వచ్చి ఉంటుంది? ఎంతమందికి ఏమీ లేదని స్టాంపు కొట్టి ఉంటాను? ఆ ప్లేట్లన్నీ శుభ్రంగా కడిగేసి ఉన్నాయి. తెలియదన్నాను.

ఆయన కేసు షీటు తెప్పించుకుని ఆపరేషన్ అన్న చోట అడ్డంగా గీత గీశారు. దాని కింద జెంటామైసిన్ అన్న మాటను కూడా కొట్టేశారు. రెండో గీత గీసేటప్పుడు కాగితం చిరిగింది. అందులో తన వాటా ఉందని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

మంగళవారం సాయంత్రం కడప నుంచి ఫోను. హీమ్ కాగితం చుట్టూ తెల్లగా, ఒత్తుగా, ఉంగరంలా పెరిగిందట. లెక్చరర్ ఎంతసేపు మాట్లాడాడో తెలియదు, నేను ఉంగరం దగ్గరే ఆగిపోయాను. ఆ వారంలోనే సర్జన్ గారు ఎముకలో పెట్టిన పూసలు తీసేసి, చచ్చిన ముక్క వరకు చెక్కేసి, కణాల లోపలికి వెళ్ళగలిగే రెండు రకాల మాత్రలు మొదలుపెట్టారు. నెలల మీద చీము ఆగింది. ఈసారి మళ్ళీ రాలేదు. కాలు కొంచెం కురచైంది, కాలైతే ఉంది.

ల్యాబులో మార్పు ఏమిటంటారా? సెక్రటరీ గారు తన నూనె మిల్లు నుంచి రెండు పాత డ్రమ్ములు పంపించారు. వాడిన ప్లేట్లను మందు నీళ్ళలో నానబెట్టుకోవడానికి. ఎముకల చీము ప్లేట్లు వారం రోజులు ఇంక్యుబేటర్‌లోనే, నీళ్ళొచ్చినా రాకపోయినా. అంతే, రెండు డ్రమ్ములు. నేను చేరిన మొదటి నెల చిరాకు పడినప్పుడే నోరు తెరిచి అడిగి ఉంటే వచ్చేవి. అడగలేదు. మీరు ఏ ల్యాబులో చేరినా అక్కడ ఇలాంటి నీళ్ళ రోజు ఒకటి ఉంటుంది, దాన్ని ఇంకేదో పేరుతో పిలుస్తుంటారు. మొదటి నెలలోనే పోట్లాడండి. మూడో నెల దాటితే మీకూ కనబడదు.

మిరప కోతల ముందు ఆ మొగుడూ పెళ్ళాం ఆఖరిసారి చూపించుకోవడానికి వచ్చారు. అతన్ని నేను అప్పుడే మొదటిసారి నిలబడి ఉండగా చూశాను. వరండాలో మా టెక్నీషియన్‌తో ఏదో మాట్లాడుతున్నాడు. ఆమె ఒక్కతే కిటికీ దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందేమోనని నాకు భయం వేసింది, పెట్టించుకునే మొహం లేదు నాకు. పెట్టలేదు.

"ఒగ మాట అడుగుతాను, ఏమనుకోవాకమ్మా. అన్ని తూర్లు చూసిన్రి గదా, ముందే ఏల దొరకలేదు?" అంది.

అబద్ధం చెప్పడం తేలిక. క్రిమి చాలా మొండిదమ్మా, కొత్త రకమమ్మా అంటే నమ్మేది. జన్యువుల సంగతి చెప్పినా తల ఊపి వెళ్ళిపోయేది. ఆమెకు నేను నిజం చెప్పాను. అది మెల్లగా పెరిగే రకమని, మూడు రోజులు ఆగి చూడాల్సిందని, మేం ఆగకుండా ప్రతిసారీ ముందే కడిగేశామని.

"మూడు దినాలు ఆగింటే దొరికేదా?"

"దొరికేదమ్మా."

ఆమె వరండా వైపు తిరిగి మొగుడి కాళ్ళ వంక చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"మీకు మూడు దినాలు ఆగేకి కాలేదు. మేము రెండేండ్లు ఆగినాము గదమ్మా" అంది.

అని, బస్సుకు పొద్దు పోతుందని మొగుణ్ణి కేకేసి, అతని కుంటి నడకకు తగ్గట్టు తన నడక తగ్గించుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.